ఐదో నంబరు విన్నపం

మొన్న ఆదివారం మా గుడిలో ఏటయిందో చెప్తే మీరు నమ్మరు. డెబ్భైమంది మోకాళ్ళ మీద పడి, పావుగంట సేపు, ముక్కులు చీదుకుంటూ ప్రార్థన చేసేరు. ఎవరికోసం? ఏ తల్లి కడుపునా పుట్టని మనిషి కోసం! వాణ్ణి గుడిలోకి తోలుకొచ్చినోడు ఎవరో కాదు, ఇదిగో, మీ ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్న ఈ సుందర్రావే. నవ్వకండి అప్పుడే. మొత్తం విని తీరిగ్గా నవ్వుకుందురు గాని.

మీలో సగంమంది మా గుడి గడప తొక్కనోళ్ళే కాబట్టి మొదట్నుంచీ చెప్తాను. టికియాపారా రైల్వే క్వార్టర్ల వెనక తెలుగు క్రైస్తవుల గుడి ఉంది కదా, దానికి పదకొండేళ్ళుగా నేనే సెక్రటరీని. కుర్చీలు వేయించడం దగ్గర్నుంచి మైకు రిపేరు దాకా అన్నీ నా నెత్తినే. క్యారేజీ షెడ్డులో బోగీల బ్రేకులు చూస్తాను, గుడిలో మనుషుల బ్రేకులు చూస్తాను అని మా ఆవిడ కమల ఎగతాళి చేస్తాది. చెయ్యనీండి.

ఆ మధ్య ఒక ఇంగ్లీషు సినిమా వచ్చింది, హిందీ మాటలు పెట్టి వదిలేరు. సూపర్ హీరో సినిమా అంట. సూపర్ హీరో అంటే మనం చిన్నప్పుడు అనుకున్నట్టు రంగుల బట్టలు వేసుకుని ఆకాశంలో ఎగురుతూ నవ్వేవాడు కాదు. ఇది వేరే బాపతు. సినిమా అంతా చీకటి, వాన, రక్తం, పటపట విరిగే ఎముకలు. ఊరంతా పోస్టర్లే. బస్సు వెనక, పార్టీ ఆఫీసు గోడ పక్కన, ఆఖరికి మా గుడి గేటు ఎదురు కరెంటు స్తంభానికి కూడా.

మా అమ్మాయి గ్రేస్ కాలేజీలో మొదటి ఏడు. క్వయర్‌లో పాడుతుంది. ఒక శనివారం ఇంకో ఇద్దరు క్వయర్ పిల్లల్తో కలిసి ప్రాక్టీసు ఎగ్గొట్టి ఆ సినిమాకి వెళ్ళింది. సరే, వెళ్ళింది. బయటికొచ్చేటప్పుడన్నా చూసుకుని రావద్దా? హాలు మెట్లు దిగుతుంటే ఎదురుగా ఎవరు? చేతిలో క్యాలీఫ్లవర్ సంచీతో దానియేలు మాస్టారు! ఈయన రైల్వే స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, మా సంఘపెద్ద. సగం సంఘం ఆయన బెత్తం రుచి చూసినోళ్ళమే. నాతో సహా.

మర్నాడు ఆరాధన అవగానే ఆయన లేచి నిలబడ్డారు. "క్రైస్తవ పిల్లలు చూడవలసిన సినిమాలేనా అవి? దెబ్బకి దెబ్బ, పగకి పగ! క్షమించమని మనం సండే స్కూల్లో పదిహేనేళ్ళు నేర్పించిందంతా మూడు గంటల్లో తుడిచేస్తారు. చొల్బే నా! ఇది మన సంఘంలో చొల్బే నా!"

ఈ బెంగాలీ ఊళ్ళో 'చెల్లదు, చెల్లదు' అని అరిచే ఊరేగింపులు చూసీ చూసీ ఆయన కూడా కోపమొస్తే పిడికిలి ఎత్తేస్తారు.

అయ్యగారు నెమ్మదైన మనిషి. కాకినాడ వైపు నుంచి కిందటేడే మా గుడికి పాస్టరుగా వచ్చేరు. "తొందరపడకుండా ఆలోచిద్దాం మాస్టారూ" అన్నారు. అక్కడితో అయిపోవాలి కదా? ఊరుకుంటే నేను సుందర్రావుని ఎలా అవుతాను! లేచేను. గొంతు సవరించుకున్నాను. "నా కూతురు కదా అని ఎవరూ చూడొద్దు. సంగతి తేలేదాకా ఆ ముగ్గురూ క్రిస్మస్ క్వయర్‌లో పాడకూడదు. ముందు నా కూతురితోనే మొదలుపెట్టండి" అనేసేను.

అసలు ఎవరడిగేరు నన్ను? ఎవరూ అడగలేదు! పెద్దమనిషిలా కనబడాలని యావ. ఒకరిద్దరు తలలూపేరు, నాకు ఛాతీ ఉబ్బింది. ఆడవాళ్ళ వైపు చూద్దును కదా, గ్రేస్ తల వంచుకుని కూర్చుంది. దానికి ఈ క్రిస్మస్‌కి మొదటి చరణం ఒక్కర్తినే పాడమని ఇచ్చేరు. మూడేళ్ళు వెనక వరసలో నిలబడి నిలబడి ఈ ఏడు దొరికింది పిల్లకి. బాత్రూమ్‌లో, వంటింట్లో, కారిడార్‌లో అదే పాట. పక్క క్వార్టర్ బెంగాలీ బౌదికి, అదే వదినగారికి, కూడా రాగం వచ్చేసింది. అంత ఆశ పెట్టుకున్నదాన్ని నేను డెబ్భైమంది ముందు లాగి పక్కన పడేసేను.

ఆ రోజునుంచి ఇంట్లో పాట ఆగిపోయింది. నాతో మాటా ఆగిపోయింది. "మమ్మీ, డాడీకి నీళ్ళు కావాలేమో అడుగు." "మమ్మీ, డాడీ ఫోను మోగుతుంది." నేను ఎదురుగానే కూర్చుని ఉంటాను! కమల నా వంక ఒక్క చూపు చూసేది. పాతికేళ్ళ కాపురంలో ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. అన్నం మట్టుకు పెట్టేది లెండి.

ఈ ఊళ్ళో ఏది తేలాలన్నా కమిటీ వెయ్యాలి కదా. పాడా క్లబ్బులో, అంటే మా పేట క్లబ్బులో, కేరమ్ బోర్డుకి పౌడర్ కొనాలన్నా కమిటీయే. చిన్నప్పట్నుంచీ అదే గాలి పీలుస్తున్నాం, గుడికి మాత్రం అంటుకోదా? వేసేరు, ముగ్గురు సభ్యుల కమిటీ. దానియేలు మాస్టారు ఒకరు. సెక్రటరీని కాబట్టి నేనొకణ్ణి. మూడో మనిషి దేవకృప అత్త. ఆవిడ స్త్రీల సమాజం పెద్ద. మాలో ఎవరికి పురుడొచ్చినా, జ్వరమొచ్చినా, కోడలితో గొడవొచ్చినా మొదట తలుపు కొట్టేది ఆవిడే. పని ఏటంటే, సినిమా చూసి, విశ్వాసుల పిల్లలు చూడొచ్చో లేదో రాసి, ఆదివారం మధ్యాహ్నం అయ్యగారికి ఇవ్వాలి. దాన్నిబట్టే పిల్లల పాట.

దేవకృప అత్త మొదట్లోనే చేతులెత్తేసింది. "నా మోకాళ్ళు నాకే లోకువ. చీకట్లో ఆ మెట్లు నేనెక్కడ దిగుతాను? మీరిద్దరూ సూసి రాసి తెండి. సంతకం కావాలంటే ఎడతాను."

బుధవారం నాకు షిఫ్టు లేదు. మ్యాట్నీకి వెళ్ళేం. మాస్టారు ఎవరూ గుర్తు పట్టకుండా మంకీ క్యాప్ పెట్టుకున్నారు. డిసెంబర్‌లో ఈ ఊళ్ళో అందరూ మంకీ క్యాపుల్లోనే తిరుగుతారు, ఆ టోపీలోనే ఒకర్నొకరు గుర్తుపడతారు, ఆయనకది తట్టలేదు. నేను చంకలో నోట్‌బుక్కు పెట్టుకున్నాను.

ఆ నోట్‌బుక్కు దగ్గరే నా కొంప మునిగింది, కాబట్టి దాని సంగతి చెప్పాలి. మా గుడిలో ఎవరికి ఏ కష్టమొచ్చినా చీటీ రాసి నాకిస్తారు. నేను వాటిని నంబర్లు వేసి ఒక పొడుగు నోట్‌బుక్కులో శుభ్రంగా ఎక్కిస్తాను. ఆదివారం అయ్యగారు అది చూసి ఒక్కో నంబరూ చదువుతారు, అందరూ మోకాళ్ళూని ప్రార్థన చేస్తారు. రిపోర్టు రాయడానికి కాగితం కావాలి కదా అని నేను ఆ పుస్తకమే పట్టుకెళ్ళేను. నాలుగు విన్నపాలు అప్పటికే ఎక్కించి ఉన్నాయి.

ఇంకో సంగతి. నేను చదువుకున్నది హిందీ మీడియం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది సండే స్కూల్లో, బైబిల్లోంచి. వేరే తెలుగు పుస్తకం నా చేతికి రాలేదు. అందుకే నోటితో మాట్లాడితే ఇలా మాట్లాడతాను గానీ, పెన్ను పట్టుకుంటే చాలు, గ్రంథం భాష వచ్చేస్తాది. కిరాణా లిస్టు రాసినా 'మరియు కందిపప్పు ఒక కిలో తేవలెను' అని వస్తాది. షాపువాడు కళ్ళకద్దుకుంటాడు. మా ఇంట్లో ఇదో పెద్ద జోకు.

సరే, సినిమా మొదలైంది. కథ ఏటంటే, ఒక డాక్టరు. పగలు ఆసుపత్రిలో బంగారం లాంటి మనిషి. తమ్ముడు ఒక ఫ్యాక్టరీలో మంటల్లో కాలి చచ్చిపోతాడు. యజమాని కోర్టులో దర్జాగా తప్పించుకుంటాడు. ఆ మంటల్లో తమ్ముణ్ణి లాగబోయి డాక్టరు చేతులు కాలతాయి, వాటికేదో శక్తి వస్తాది. మనిషి మీద చెయ్యి పెడితే ఏ ఎముక ఎక్కడ విరుగుతాదో తెలిసిపోతాది. ఇంకేటి, రాత్రయితే ఇనుప ముసుగు వేసుకుని ఆ యజమాని మనుషుల్ని ఒక్కొక్కణ్ణే పట్టి విరిచేస్తుంటాడు. తెల్లారేసరికి వాళ్ళే ఆసుపత్రికొస్తారు. ఇతగాడే పిండికట్టు వేస్తాడు!

ఎముకలు విరిగినోళ్ళని లెక్కపెడుతూ నేను గబగబా రాస్తున్నాను. వెనక సీటువాడు ముందుకి వంగి, "ఓ దాదా, ఏం పరీక్ష రాస్తున్నారు?" అన్నాడు. చీకట్లో గీతలు కనబడవు కదా, చేతికి తోచినట్టు రాసుకుపోయేను. అలవాటు చొప్పున నంబర్లు కూడా వేసేను. పక్కన మాస్టారు ఎముక విరిగినప్పుడల్లా "అయ్యో" అని కళ్ళు మూసుకుంటున్నారు. కమిటీ సభ్యుడు కళ్ళు మూసుకుంటే రిపోర్టు ఎలా అవుతాది? అదీ రాసేను.

ఇంటర్వెల్ ముందు సీను! డాక్టరు ఆ యజమానిని ముప్ఫై అంతస్తుల మేడ మీదికి ఈడ్చుకెళ్ళి, మెడ పట్టుకుని అంచున వేలాడదీసేడు. వాన. కింద కార్లు చీమల్లా ఉన్నాయి. వాడు బతిమాలుతున్నాడు. డాక్టరు వేళ్ళు ఒక్కొక్కటే వదులుతున్నాడు. ఒకటి. రెండు. మూడు. టక్! ఇంటర్వెల్.

"ఇంక చాలు, పద" అన్నారు మాస్టారు.

"మాస్టారూ, ఏటయిందో చూడొద్దా?"

"ఏమవుతుంది? పడేస్తాడు. చూసింది చాలు. మనం ఇంటర్వెల్లో లేచి వెళ్ళిపోవడమే ఒక సాక్ష్యం. పద."

లెక్కల మాస్టారు పదంటే నా కాళ్ళు ఈనాటికీ లేస్తాయి. వచ్చేసేం. కానీ నిజం చెప్తాను, నవ్వినా సరే. ఆ బుధవారం నుంచి శనివారం దాకా నాకు వేరే ఆలోచనే లేదు. పడేసేడా, లేదా? షెడ్డులో బ్రేకు బిగిస్తుంటే అదే. అన్నం కలుపుకుంటుంటే అదే. ఇంట్లో సినిమా మొత్తం చూసిన మనిషి ఉంది. కానీ ఆవిడ నాతో మాట్లాడదు! ఒకసారి "కమలా, ఆ మేడ మీదోడు పడ్డాడేమో దాన్ని అడుగు" అందామని నోటిదాకా వచ్చింది, మింగేసేను. ఆఖరికి ఉండబట్టలేక శుక్రవారం ఆ పుస్తకంలోనే కింద ఇంకో ముక్క రాసుకున్నాను. రిపోర్టు మాత్రం ఆదివారం మధ్యాహ్నం విడి కాగితం మీద తిరగరాద్దాంలే అని వదిలేసేను.

ఆదివారం పొద్దున్నే షెడ్డు నుంచి ఫోను. మధ్యాహ్నం బండికి తగిలించాల్సిన బోగీ ఒకటి బ్రేకు పట్టేసి కూర్చుంది, వెంటనే రమ్మని. పరుగెత్తేను. కమల ప్రతివారంలాగే ఆ పుస్తకం పట్టుకెళ్ళి అయ్యగారి బల్ల మీద పెట్టింది. పాపం, దాని తప్పేటుంది?

నేను గ్రీజు చేతులు కడుక్కుని గుడికి చేరేసరికి పదకొండు దాటింది. లోపల అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు, ప్రార్థన జోరుగా నడుస్తోంది. చప్పుడు చెయ్యకుండా వెనక వరసలో నేనూ మోకాళ్ళూని కళ్ళు మూసుకున్నాను. అయ్యగారి గొంతు వినబడుతోంది.

"ఐదవ విన్నపము. పగటివేళ వైద్యశాలలో రోగులను బాగుచేయుచు, రాత్రివేళ నెమ్మదిలేక తిరుగుచున్న సహోదరుడు. ఇతని తమ్ముడు అగ్నిలో కాలి చనిపోయెను. ఇతని హృదయమంతయు పగతో నిండియున్నది."

అయ్యో పాపం, ఎవరో ఇంత కష్టంలో ఉన్నారు అనుకున్నాను. ఒట్టు! కళ్ళు గట్టిగా మూసుకుని "ప్రభువా, కనికరించు" అని కూడా అన్నాను. ఈమధ్య సాల్ట్ లేక్ నుంచి రెండు మూడు కొత్త కుటుంబాలు వస్తున్నాయి, వాళ్ళ తాలూకు డాక్టరెవరో అనుకున్నాను.

ముందు వరసలో దేవకృప అత్త బావురుమంది. "తమ్ముడు పోయినాడు తండ్రీ! ఆ కడుపుకోత నీకు తెలుసు తండ్రీ! ఆ బాబుకి నిద్ర పట్టించు తండ్రీ!" చుట్టూ ఆడవాళ్ళు అందుకున్నారు.

"ఆరవ విన్నపము. ఈ సహోదరునిచేత ఎముకలు విరిగినవారు పదునొకండుగురు."

నా నోట్లో 'ప్రభువా' సగంలో ఆగిపోయింది. పదునొకండుగురు! ఆ లెక్క నాదే! లేచి "అయ్యగారూ, ఆగండి" అనాలి. ఎలా అంటాను? ప్రార్థన మధ్యలో లేచి అరిచినోడు మా గుడి పుట్టేక ఎవడూ లేడు. అందరూ కళ్ళు మూసుకుని ఏడుస్తున్నారు. కమల కూడా కొంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తోంది. ఒక్క గ్రేస్ భుజాలు మాత్రం అదోలా కదులుతున్నాయి. దానికి అర్థమైపోయింది. అది ఏడుపు కాదు.

"ఏడవ విన్నపము. ధనవంతుడైన యజమానుడు. అంచున వ్రేలాడుచున్నాడు. ఏమగునో తెలియదు." అయ్యగారు దీనికి ఆధ్యాత్మికంగా అర్థం చెప్పుకున్నారు. "అవును ప్రభువా, ధనము మనుష్యుని నాశనపు అంచుకు తెచ్చును" అని ఐదు నిమిషాలు లాగించేరు. చాలా బాగా చేసేరు. వేరే రోజైతే నేనే మెచ్చుకునేవాణ్ణి.

"ఎనిమిదవ విన్నపము." ఆయన ఒక్క క్షణం ఆగేరు. "మన దానియేలు మాస్టారు. భయము చేత మాటిమాటికి కన్నులు మూసుకొనుచున్నారు."

నేను ఒక కన్ను తెరిచేను. మాస్టారు రెండు కళ్ళూ తెరిచి, తల తిప్పి, డెబ్భైమంది వంగిన వీపుల మీదుగా నన్నే చూస్తున్నారు. ఆరో తరగతిలో లెక్క తప్పితే చూసిన చూపు అది. ఆయన్ని ఆదుకోమని, ధైర్యమియ్యమని సంఘమంతా ఒక్క గొంతుతో వేడుకుంటోంది. ఆయన మోకాళ్ళ మీదే ఉండిపోవలసి వచ్చింది, ఏం చేస్తారు!

"తొమ్మిదవ విన్నపము. మన సెక్రటరీ సుందర్రావు గారు. మనస్సునకు నెమ్మది లేదు. ఆ సహోదరుడు అతనిని పడవేసెనా లేదా అని రేయింబవళ్ళు తలంచుచున్నాడు." శుక్రవారం రాసుకున్న ముక్క! నాకోసం కూడా ప్రార్థన చేసేసేరు. మా తమ్ముడి వరసవాడొకడు పక్కకొచ్చి నా భుజం మీద చెయ్యేసి మరీ చేసేడు.

ఆమెన్ అయింది. అందరూ కళ్ళు తుడుచుకుని లేచేరు. అయ్యగారు నన్ను చూసి, "సుందర్రావు గారూ, ఆ డాక్టరు సహోదరుడు ఏ ఆసుపత్రిలో ఉంటారు? మధ్యాహ్నం మనం వెళ్ళి పలకరించి రావాలి" అన్నారు. దేవకృప అత్త అప్పటికే చెంగు దోపేసింది. "నేనొస్తాను. మోకాళ్ళు పోతే పోనీ. ఏ కాయలు తింటాడో, యాపిల్సు తెద్దారా?"

"అత్తా..." అన్నాను.

"కమలాపళ్ళు తెద్దారా?"

"అత్తా, ఆ డాక్టరు లేడు."

"అయ్యో! పోయినాడా?" అని మళ్ళీ ఏడుపు అందుకోబోయింది.

ఇంక చెప్పక తప్పింది కాదు. నిలబడి, నేల చూస్తూ, మొత్తం చెప్పేసేను. సినిమా, చీకటి, నోట్‌బుక్కు, నంబర్లు, నా రాత. అయ్యగారు పుస్తకం నెమ్మదిగా మూసేసేరు. సిగ్గుతో చచ్చిపోయేననుకోండి.

అప్పుడు లేచేరు మాస్టారు. పిడికిలి ఎత్తేరు. "చూశారా? చూశారా? ఆ సినిమా చివరికి ప్రార్థనలోకి కూడా వచ్చేసింది! ఇంక కమిటీ ఎందుకు, రిపోర్టు ఎందుకు? ఈ ఏడు ఆ ముగ్గురూ పాడరు. అంతే."

నా వెధవ పనికి పిల్ల పాట పోతోంది. గ్రేస్ మొహంలో ఇందాకటి నవ్వు లేదు. పెదవి కొరుక్కుంటోంది. "మాస్టారూ, తప్పు నాది, నన్ను తిట్టండి, పిల్లల్నేం అనకండి" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. అయ్యగారు నుదురు రుద్దుకుంటున్నారు.

అంతలో దేవకృప అత్త గొంతు. "అది సరేగానీ, ఒరే సుందరం, ఆ మేడ మీదోడు పడ్డాడా, లేదా?"

"తెలీదత్తా."

"తెలీకపోవడమేటి? సూసినావు కదా?"

"ఇంటర్వెల్లో వచ్చేసేం."

ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. "నీకన్నా తెల్సునా దానయ్యా?" మాస్టారిని దానయ్యా అనే హక్కు ఊరు మొత్తమ్మీద ఆవిడ ఒక్కర్తికే ఉంది. మాస్టారు బల్ల వంక చూసేరు. "సగం కథ సూసొచ్చి పిల్లల నోరు మూయిస్తారా? నేను పావుగంట ఏడ్సినాను ఆ బాబు కోసం! వాడికేటయిందో నాకు తెలియాలి!"

"నాకు తెలుసు అమ్మమ్మా" అంది గ్రేస్.

లేచి నిలబడింది. గొంతు చిన్నగా ఉంది గానీ తడబడలేదు. "పడెయ్యడు. ఇంటర్వెల్ తర్వాత పైకి లాగుతాడు. అప్పుడు ఆ ఓనర్‌కి భయంతో హార్ట్ ఆగిపోతాది. ఎవరూ ఉండరు. వదిలేసి వెళ్ళిపోవచ్చు. ఒక్క నిమిషం నిలబడి చూస్తాడు. తర్వాత ముసుగు తీసేసి, తమ్ముణ్ణి చంపినోడి గుండె మీద చేతులు పెట్టి నొక్కుతాడు. ఆ చేతుల్తోనే. రెండు పక్కటెముకలు విరుగుతాయి, కానీ బతుకుతాడు. తర్వాత పోలీస్ స్టేషన్‌కి నడిచెళ్ళి నేనే అని చెప్పేస్తాడు. అంతే సినిమా."

దేవకృప అత్త కొంగుతో కళ్ళొత్తుకుంది.

"నాక్కూడా కొన్ని సీన్లు నచ్చలేదు మాస్టారూ. నేనూ కళ్ళు మూసుకున్నాను" అంది. "చిన్నపిల్లలు చూడకూడదు, నిజమే. కానీ ఇంటర్వెల్లో లేచి వచ్చేస్తే పగ ఒక్కటే కనిపిస్తాది. ప్రాక్టీసు ఎగ్గొట్టడం తప్పు. దానికి సారీ."

మాస్టారు తల అడ్డంగా ఊపేరు. "అందరూ నీలా చివరిదాకా ఆలోచించరమ్మా. పిల్లలకి గుర్తుండేది గుద్దులే. నా భయం అది" అన్నారు. ఆ మాట కొట్టిపారెయ్యడానికి లేదు. నాకు మూడు రోజులు గుర్తున్నదీ ఆ వేళ్ళు వదలడమే కదా.

కానీ దేవకృప అత్తకి ఇవేం పట్టలేదు. రెండు చేతులూ పైకెత్తేసింది. "స్తోత్రం! సూసినారా? మనం అడిగినాం, ఆ బాబు పగ వదిలేసినాడు! ప్రభువు మన ప్రార్థన ఆలకించినాడు!"

"అత్తా, ఆ సినిమా మన ప్రార్థనకి ఎంతో ముందే తీసేరు" అన్నాను.

"నువ్వు మాట్లాడకు" అంది.

అయ్యగారు నవ్వు ఆపుకోలేకపోయేరు. ఆయన నవ్వేసరికి గుడంతా నవ్వింది. మాస్టారు కూడా, మీసాల కింద. తీర్మానం అక్కడికక్కడే అయిపోయింది. పదిహేనేళ్ళలోపు పిల్లలు అలాంటి సినిమాలకి వెళ్ళకూడదు. పెద్ద పిల్లలు వెళ్తే ఇంట్లో చెప్పి వెళ్ళాలి, వచ్చేక ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. ప్రాక్టీసు ఎగ్గొట్టినందుకు ముగ్గురూ నెలరోజులు గుడి ఊడవాలి. క్రిస్మస్‌కి పాడతారు. మొదటి చరణం గ్రేస్‌దే.

నేను హమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డాను. అయిపోయిందనుకున్నాను. అయ్యేదే, దేవకృప అత్త ఊరుకుంటే. "మరి కృతజ్ఞత ఎప్పుడు?" అంది. మా గుడిలో ఒక పద్ధతుంది. విన్నపం నెరవేరితే, ఆ మనిషిగానీ, అతని తరఫువాళ్ళుగానీ సంఘం ముందు నిలబడి జరిగిన మేలు సాక్ష్యం చెప్పాలి, అందరికీ టీ, మిఠాయి పెట్టాలి.

"ఆ డాక్టరు తరఫున ఎవరున్నారు?" అన్నారు అయ్యగారు, మొహం గంభీరంగా పెట్టి. డెబ్భైమందీ ఒకేసారి నా వైపు తిరిగేరు. నిజమే మరి. ఈ లోకంలో వాడికి సొంతమంటూ ఎవరున్నారు, నేను తప్ప?

నిన్న సాయంత్రం అయింది ఆ కూడిక. ఖర్జూరబెల్లం సందేశ్ తెచ్చేను, పెద్ద డబ్బాలతో. వేదిక ముందు నిలబడి మొదలుపెట్టేను. "మా డాక్టరు సహోదరుడు..." అనేసరికే కిసుక్కుమన్నారు. నేను తలెత్తకుండా చెప్పుకుపోయేను. రెండో సగం దగ్గరకొచ్చేసరికి ఆగిపోయేను, నేను చూడలేదు కదా! అప్పుడు పక్కన క్వయర్ వరసలోంచి, పదిహేను రోజుల తర్వాత, మా అమ్మాయి నాతో మాట్లాడింది. "డాడీ, పైకి లాగేడు" అని గుసగుసగా. నేను "పైకి లాగేడు" అన్నాను. "ముసుగు తీసేడు." "ముసుగు తీసేడు." అలా అది అందిస్తుంటే, చివరిదాకా చెప్పేసేను.

కూర్చున్నాక అయ్యగారు సందేశ్ చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చేరు. "సాక్ష్యం బాగుంది సుందర్రావు గారూ. రెండో సగం కళ్ళకి కట్టినట్టు చెప్పారు. మొదటి సగమే, ఎందుకో, మీరు సరిగ్గా చూసినట్టు లేదు" అన్నారు.

నేను హాల్లో కూర్చుని, కళ్ళారా చూసి, నోట్సు రాసుకున్నది ఆ సగమేనండీ బాబూ!